జఠర సూక్ష్మజీవి వర్ధనం: హెలికోబాక్టర్ పైలోరీ ప్రయోగశాల చరిత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం

క్షీరదాల జఠరంలో సర్పిలాకార సూక్ష్మజీవులు నివసిస్తాయని 19వ శతాబ్ది చివరినాటికే సూక్ష్మదర్శిని చూపించింది. అయినా మనిషి జఠరంలోని జీవిని శరీరం వెలుపల పెంచడం 1982 వరకు సాధ్యం కాలేదు. ఈ తొమ్మిది దశాబ్దాల జాప్యానికి జీవి స్వభావం ఎంత కారణమో, ప్రయోగశాలల అలవాట్లూ పూర్వనిశ్చయాలూ ఎంత కారణమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1982 నాటి ఫలితాన్ని కేవలం అదృష్టంగా చెప్పుకోవడం ఎంతవరకు సమంజసమో కూడా ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: హెలికోబాక్టర్ పైలోరీ, వర్ధన యానకం, జఠర వ్రణం, వైద్యశాస్త్ర చరిత్ర, సూక్ష్మజీవశాస్త్రం.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యాధికి ఒక సూక్ష్మజీవి కారణమని చెప్పడానికి ఆ జీవిని రోగి శరీరంలో చూడడం మాత్రమే చాలదు. దానిని శరీరం నుండి వేరుచేసి, ఇతర జీవుల కలయిక లేకుండా శుద్ధంగా పెంచాలి. అలా పెంచిన జీవి ఆరోగ్యవంతమైన శరీరంలో అదే వ్యాధిని కలిగించాలి. ఆ శరీరం నుండి దానిని తిరిగి వేరుచేయగలగాలి. 19వ శతాబ్ది చివర రాబర్ట్ కాక్ పేరుతో స్థిరపడిన ఈ నియమాలలో అన్నిటికీ ఆధారం వర్ధనమే. వర్ధనం లేకపోతే తక్కిన మెట్లు ఎక్కడానికి దారి ఉండదు.

వర్ధనానికి ఓర్పు అవసరమన్న విషయం కూడా కాక్ నాటి నుండే తెలుసు. 1882లో ఆయన క్షయ బాసిలస్‌ను గడ్డకట్టించిన రక్తరసంపై పెంచినప్పుడు రెండో వారంలో గాని కాలనీలు కంటికి కనిపించలేదు. ఒకటి రెండు రోజులలో ఏమీ మొలవలేదని పారవేసి ఉంటే క్షయ కారకం ఆనాడు నిరూపితమయ్యేది కాదు. సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1982లో, జఠర సూక్ష్మజీవి విషయంలో ఇదే పాఠం మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది.

2. చూసినవారు, పెంచలేకపోయినవారు

ఇటలీలోని టూరిన్ నగరంలో పనిచేసిన జూలియో బిజోజెరో 1893లో కుక్కల జఠర గ్రంథులలో, ఆమ్లాన్ని స్రవించే కణాలలో సర్పిలాకార జీవులను వర్ణించాడు. దాదాపు అదే కాలంలో పోలండ్‌కు చెందిన వలేరీ యావోర్స్కీ మనుషుల కడుపు కడిగిన ద్రవంలో అటువంటి జీవులనే గుర్తించాడు. 1896లో హ్యూగో సాలమన్ ఈ జీవులున్న జఠర కణజాలాన్ని ఎలుకలకు తినిపించి, అవి కొత్త ఆశ్రయంలో స్థిరపడతాయని చూపించాడు. అంటే ప్రయోగశాల పళ్లెంలో పెరగని జీవిని ఆయన సజీవ జంతువు కడుపులో పెంచగలిగాడు. 1906లో క్రీనిట్జ్ జఠర క్యాన్సర్ రోగులలో వీటిని చూశాడు.

1940లో బోస్టన్ పరిశోధకులు ఫ్రీడ్‌బర్గ్, బారన్ శస్త్రచికిత్సలో తొలగించిన జఠర భాగాలను వెండి లవణాల రంజనంతో పరీక్షించగా మూడో వంతుకు పైగా నమూనాలలో సర్పిల జీవులు కనిపించాయి. ఈ పరంపరకు 1954లో గట్టి అడ్డుకట్ట పడింది. అమెరికా సైనిక వైద్యుడు ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా జఠర నమూనాలను పరీక్షించి ఒక్కదానిలోనూ ఆ జీవులు లేవని ప్రకటించాడు. ఆయన వాడింది సాధారణ కణజాల రంజనం. ఈ జీవులను స్పష్టంగా చూపే వెండి రంజనాన్ని ఆయన వాడలేదు. నమూనాల సంఖ్య పెద్దది కావడంతో ఆ ప్రకటనకు విలువ హెచ్చింది. అంతకు ముందు చూసినవన్నీ నోటి నుండి దిగిన జీవులో, మరణానంతరం చేరినవో అయి ఉంటాయన్న భావన బలపడింది.

రసాయన సాక్ష్యం కూడా ఇదే గతి పట్టింది. జఠర కణజాలంలో యూరియాను విడగొట్టే యూరియేజ్ ఎంజైమ్ ఉందని 1924లో లక్, సేథ్ చూపించారు. అది జఠర కణాలదేనని చాలాకాలం భావించారు. యాంటీబయాటిక్ ఇస్తే జఠరంలోని అమ్మోనియా తగ్గుతుందని 1950వ దశకంలో తేలింది. అయినా ఆ ఎంజైమ్ ఏ జీవిదన్న ప్రశ్నకు జవాబు చెప్పగల వర్ధనం ఎవరి చేతిలోనూ లేదు. గ్రీసు దేశపు వైద్యుడు జాన్ లికూడిస్ 1958 నుండి జఠర వ్రణాలకు యాంటీబయాటిక్‌లతో చికిత్స చేశాడు. ఏ జీవిని చంపుతున్నాడో చూపలేని ఆయన వాదాన్ని వైద్యలోకం అంగీకరించలేదు.

వర్ధనానికి ప్రయత్నమే జరగలేదనడం సరికాదు. 1975లో బ్రిటన్‌లో హోవర్డ్ స్టీర్, కోలిన్-జోన్స్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో జఠర కణాలను అంటిపెట్టుకొని ఉన్న జీవులను చిత్రించారు, వాటిని పెంచాలనీ చూశారు. పళ్లెంలో పెరిగింది మాత్రం సూడోమోనాస్ ఎరుగినోసా అనే వేరొక జీవి. సులువుగా పెరిగే జీవి ముందుకు వచ్చి, మొండి జీవిని మరుగుపరచింది. చిత్రంలో ఉన్నదీ పళ్లెంలో ఉన్నదీ ఒకటి కాదన్న సంగతి అప్పుడు తేలలేదు.

3. ఆమ్ల సిద్ధాంతం, దాని మూల్యం

జఠరంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఏ జీవీ బతకలేదన్నది ఆనాటి వైద్యవిద్యలో స్థిరపడిన అభిప్రాయం. ఆమ్లం లేనిదే పుండు లేదన్న సూత్రాన్ని 1910లో కార్ల్ ష్వార్జ్ ప్రతిపాదించాడు. దానిని అనుసరించి చికిత్స అంతా ఆమ్లం చుట్టూ తిరిగింది. పథ్యం, క్షారౌషధాలు, జఠరానికి వెళ్ళే వేగస్ నాడిని కోయడం, జఠరంలో కొంత భాగాన్ని తొలగించడం – ఇవీ ఆనాటి మార్గాలు. 1976లో విపణిలోకి వచ్చిన సిమెటిడిన్ ఆమ్ల స్రావాన్ని సమర్థంగా తగ్గించి పుండును మాన్పింది. మందు మానితే మాత్రం చాలామందిలో పుండు తిరిగి వచ్చేది. జీవితాంతం మందు వాడడమో, కడుపు కోయించుకోవడమో రోగికి మిగిలిన దారులు. ప్రయోగశాలలో ఒక జీవి పెరగకపోవడం వల్ల కలిగిన నష్టం ప్రయోగశాలకే పరిమితం కాలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

4. పొరుగు జీవి నేర్పిన పద్ధతి

జఠర జీవి వర్ధనానికి అవసరమైన పద్ధతి మరొక వ్యాధి పరిశోధనలో సిద్ధమైంది. కాంపిలోబాక్టర్ అనే వంపు తిరిగిన జీవులు ఆవులు, గొర్రెలలో గర్భస్రావాలకు కారణమని పశువైద్యులకు పూర్వమే తెలుసు. అవి మనుషులలో అతిసారానికీ కారణమని నిరూపించడంలో బెల్జియం పరిశోధకులు 1972లో ముందడుగు వేశారు. 1977లో ఇంగ్లండులోని వూస్టర్ నగరంలో మార్టిన్ స్కిరో ఆ పనిని ప్రతి ఆసుపత్రి ప్రయోగశాలకూ అందుబాటులోకి తెచ్చాడు. రక్తం కలిపిన అగార్‌లో వాంకోమైసిన్, పాలిమిక్సిన్, ట్రైమిథోప్రిమ్ అనే మూడు మందులు చేర్చి, ఇతర జీవుల పెరుగుదలను అణచడం ఆయన పద్ధతి. పళ్లేలను ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచిన వాతావరణంలో ఉంచేవాడు.

గాలిలోని ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఈ జీవులకు ఆక్సిజన్ బొత్తిగా లేకపోయినా గిట్టదు, గాలిలో ఉన్నంత ఉన్నా గిట్టదు. సుమారు 5 శాతం వద్ద ఇవి బాగా పెరుగుతాయి. ఇటువంటి జీవులను సూక్ష్మవాయు జీవులంటారు. స్కిరో పద్ధతి ప్రచారంలోకి వచ్చాక తగు వాయు మిశ్రమాన్ని కల్పించే సామగ్రి, దానిని వాడడం తెలిసిన సిబ్బంది పెద్ద ఆసుపత్రులలో ఏర్పడ్డారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆసుపత్రి వాటిలో ఒకటి.

5. పెర్త్ ప్రయోగశాల

ఆ ఆసుపత్రిలో రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు రాబిన్ వారెన్ 1979 జూన్‌లో ఒక జఠర నమూనాలో, శ్లేష్మ పొర కింద, కణాల ఉపరితలంపై బారులు తీరిన జీవులను చూశాడు. వార్థిన్-స్టారీ వెండి రంజనంతో అవి మరింత స్పష్టమయ్యాయి. అవి ఉన్నచోట జఠరశోథ లక్షణాలు కూడా ఉన్నాయని ఆయన గుర్తించాడు. పూర్వులకన్నా ఆయన ఒక అడుగు ముందుకు వేసింది ఇక్కడే. జీవిని చూడడంతో ఆగక, దాని ఉనికికీ కణజాల మార్పుకూ గల సంబంధాన్ని రెండేళ్ళపాటు నమోదు చేశాడు. 1981లో యువవైద్యుడు బారీ మార్షల్ ఆయనతో కలిశాడు. ఎండోస్కోపీకి వచ్చే 100 మంది రోగుల నుండి నమూనాలు సేకరించి, ఒక భాగాన్ని కణజాల పరీక్షకు, మరొక భాగాన్ని వర్ధనానికి పంపాలని నిర్ణయించారు.

జీవి ఆకారం కాంపిలోబాక్టర్‌ను పోలి ఉన్నందున దానికి వాడే వాయు వాతావరణమే దీనికీ వాడారు. మొదటి 30 మందికి పైగా రోగుల నమూనాలలో ఏమీ పెరగలేదు. పళ్లేలను 48 గంటల తరువాత చూసి పారవేయడం ప్రయోగశాల ఆనవాయితీ. గొంతు, మలం నమూనాలకు ఆ గడువు తగినదే. రెండు రోజులు దాటితే వాటిలో సహజంగా ఉండే ఇతర జీవులు పళ్లెమంతా అల్లుకొని అసలు జీవిని కనబడనీయవు. జఠర నమూనాలో అటువంటి జీవుల రద్దీ ఉండదన్న తేడాను ఎవరూ గుర్తించలేదు.

1982 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులు వచ్చాయి. మందులకు లొంగని స్టఫైలోకాకస్ ఆసుపత్రిలో వ్యాపించి, ప్రయోగశాల సిబ్బంది ఆ పరీక్షలలో మునిగి ఉన్నారు. 35వ రోగి నమూనా వేసిన పళ్లేలను రెండో రోజున చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అవి దాదాపు అయిదు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి. సెలవుల తరువాత తీసి చూసినప్పుడు పారదర్శకమైన సన్నని కాలనీలు కనిపించాయి. వాటిలో ఉన్నది వారెన్ మూడేళ్ళుగా చూస్తున్న జీవి. అవి పెరిగింది చాక్లెట్ అగార్ మీద. ఆ పేరు రంగును బట్టి వచ్చినదే. రక్తాన్ని వేడిచేసి కలపడం వల్ల యానకానికి ఆ వర్ణం వస్తుంది.

6. కాకతాళీయమా?

ఈ ఘటన వైద్యచరిత్రలో అదృష్టానికి ఉదాహరణగా తరచు చెప్పబడుతుంది. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకే క్షణంలో జరిగాయన్నట్లు సెలవులూ జీవి పెరుగుదలా కలిసివచ్చాయన్నది ఆ కథనం. దీనిలో నిజం కొంత మాత్రమే. అయిదు రోజుల గడువు అనుకోకుండా దొరికింది. తక్కినదేదీ అనుకోకుండా జరగలేదు. వాయు మిశ్రమం సరైనది. యానకం సరైనది. తేమ తగినంత ఉంది. నమూనా ఎండోస్కోపీ గది నుండి ప్రయోగశాలకు త్వరగా చేరింది. కణజాల పరీక్షలో జీవి ఉన్నదని ముందే తెలిసినందున, పళ్లెంలో మొలిచినదానితో పోల్చి చూడగలిగారు. 1975లో బ్రిటన్‌లో లోపించినది ఈ పోలికే.

మరొక సంగతి కూడా ఉంది. ఏమీ పెరగని 30కి పైగా నమూనాల తరువాత కూడా పరిశోధన ఆగలేదు. ఆ పట్టుదల లేకపోతే 35వ పళ్లెం ఇంక్యుబేటర్‌లోకి వెళ్ళేదే కాదు. గడువు పెంచిన తరువాత మిగిలిన నమూనాలలో మరికొన్ని వర్ధనాలు లభించాయి. 1984 జూన్‌లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వ్యాసంలో 100 మందిలో 58 మందికి కణజాలంలో జీవి కనిపించిందనీ, వారిలో 11 మంది నమూనాల నుండి అది పెరిగిందనీ ఉంది. ఈ రెండు సంఖ్యల మధ్య దూరమే ఆ జీవి ఎంత మొండిదో చెబుతుంది.

7. పళ్లెం నుండి చికిత్సకు

వర్ధనం దొరికిన తరువాత అంతవరకు అడగడానికి వీలులేని ప్రశ్నలు అడగడం సాధ్యమైంది. ఏ మందు ఈ జీవిని చంపుతుందన్నది మొదటిది. పూర్వం నుండి పుండ్లకు వాడుతున్న బిస్మత్ లవణాలు పళ్లెంలో ఈ జీవి పెరుగుదలను ఆపుతాయని తేలింది. ఆ మందుతో మానిన పుండ్లు తిరగబెట్టడం తక్కువన్న పాత అనుభవానికి కారణం దీనితో అర్థమైంది.

రెండవది కాక్ నియమాల ప్రశ్న. ప్రయోగ జంతువులలో జీవిని స్థిరపరచే తొలి ప్రయత్నాలు ఫలించలేదు. 1984లో మార్షల్ తన జఠరం ఆరోగ్యంగా ఉందని ముందుగా ఎండోస్కోపీలో నిర్ధారించుకొని, ఒక రోగి నుండి పెంచిన జీవులున్న ద్రవాన్ని తాగాడు. కొద్ది రోజులలో వికారం, వాంతులు మొదలయ్యాయి. 10వ రోజున చేసిన ఎండోస్కోపీలో జఠరశోథ కనిపించింది. ఆ నమూనా నుండి జీవి తిరిగి పెరిగింది. 1985లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఈ ఫలితం వెలువడింది. జఠరశోథ విషయంలో నియమాలు నెరవేరాయి. పుండు విషయంలో ఇది నిరూపణ కాదు, ఎందుకంటే ఆయనకు పుండు రాలేదు. జీవిని నిర్మూలిస్తే పుండు తిరగబెట్టదని చూపిన చికిత్సా పరిశోధనల వల్ల ఆ రెండో భాగం నెరవేరింది. 1988లో పెర్త్ బృందం ప్రచురించిన ఆంత్రమూల వ్రణ పరిశోధన వాటిలో ముఖ్యమైనది.

జీవికి పేరు కూడా వర్ధనం వల్లనే స్థిరపడింది. మొదట కాంపిలోబాక్టర్ పైలోరిడిస్ అన్నారు. లాటిన్ వ్యాకరణాన్ని అనుసరించి 1987లో పైలోరీగా సవరించారు. తగినంతగా పెంచిన జీవులలో కశాభాల నిర్మాణం, కొవ్వు ఆమ్లాలు, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ పరిశీలించగా అది కాంపిలోబాక్టర్ కాదని తేలి, 1989లో హెలికోబాక్టర్ అనే కొత్త ప్రజాతి ఏర్పడింది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం, ఈ జీవి ఉన్న వ్రణ రోగులకు యాంటీబయాటిక్ చికిత్స ఇవ్వాలని సిఫారసు చేసింది. అదే ఏడాది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులలో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. 2005లో వారెన్, మార్షల్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

8. ఈ జీవి మొండితనానికి కారణాలు

1982 తరువాత జరిగిన పనివల్ల దీని అవసరాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, 85 శాతం నైట్రోజన్ గల మిశ్రమం, 37 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, తడి ఆరని యానకం, 3 నుండి 7 రోజుల గడువు దీనికి కావాలి. యానకంలో స్వల్పంగా ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాలు దీనికి విషతుల్యం. యానకానికి చేర్చే రక్తం, రక్తరసం పోషకాలను ఇవ్వడమేగాక ఆ విషాన్ని పీల్చుకుంటాయి. వాటికి బదులుగా పిండిపదార్థం, బొగ్గుపొడి, సైక్లోడెక్స్‌ట్రిన్ కూడా ఆ పని చేస్తాయి. నమూనా ఎండినా, గాలి తగిలి ఆలస్యమైనా జీవి తన సర్పిలాకారం పోగొట్టుకొని గుండ్రంగా మారుతుంది. ఆ రూపంలో దానిని పళ్లెంలో పెంచడం సాధ్యం కాదు.

ఆమ్లం విషయంలో దీని స్వభావం మరింత ఆసక్తికరం. ఆమ్లం నిండిన కడుపులో నివసించినా ఇది ఆమ్లప్రియ జీవి కాదు. యూరియేజ్‌తో యూరియాను విడగొట్టి, పుట్టిన అమ్మోనియాతో తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుంటుంది. ఆమ్ల తీవ్రత తక్కువగా ఉండే శ్లేష్మ పొర లోతులలో స్థిరపడుతుంది. అందువల్ల ప్రయోగశాలలోనూ తటస్థ యానకంలోనే బాగా పెరుగుతుంది. 1924లో చూసిన యూరియేజ్ ఎవరిదన్న ప్రశ్నకు అరవై ఏళ్ళ తరువాత దొరికిన సమాధానం ఇదే.

9. వర్ధనానికి లొంగని బంధువులు

పైలోరీకి పనికివచ్చిన పద్ధతి దాని బంధువులన్నిటికీ పనికిరాలేదు. పందుల జఠరంలో ఉండే, మనుషులకూ సోకే ఒక పొడవైన సర్పిల జీవి ఎన్ని ప్రయత్నాలు చేసినా పళ్లెంలో పెరగలేదు. జన్యు సాక్ష్యం ఆధారంగా 1999లో దానికి తాత్కాలిక నామం మాత్రమే ఇచ్చారు. 2008లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని పెంచగలిగారు. అగార్ మీద పలుచగా ద్రవ యానకం పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను సుమారు 5కు తగ్గించడం వారు చేసిన మార్పు. పైలోరీ విషయంలో తటస్థ యానకం సరైనది గనుక ఇక్కడా అదే సరైనదని అందరూ భావించారు. ఈ జీవి, అంటే హెలికోబాక్టర్ సూయిస్, కోరినది ఆమ్లం. 2021లో జపాన్ పరిశోధకులు దీనిని మనిషి జఠరం నుండి కూడా పెంచారు.

బిజోజెరో కుక్కలలో చూసిన జీవుల కథ కూడా ఇటువంటిదే. వాటిలో ఒకదానిని ఫిన్లండ్ పరిశోధకులు వర్ధనంలో స్థిరపరచి, 1996లో హెలికోబాక్టర్ బిజోజెరోనియై అని ఆయన పేరే పెట్టారు. చూసిన నాటికీ పేరు పెట్టిన నాటికీ మధ్య నూరేళ్ళకు పైగా గడిచాయి.

10. నేటికీ వర్ధనం ఎందుకు?

ఊపిరి పరీక్ష, మల పరీక్ష, జన్యు పరీక్షలు వచ్చిన తరువాత వ్యాధి నిర్ధారణకు వర్ధనం తప్పనిసరి కాదు. అయినా దాని అవసరం తీరలేదు. క్లారిథ్రోమైసిన్‌కు లొంగని పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రాధాన్య రోగకారకాల జాబితాలో చేర్చింది. ఆ మందుకు నిరోధం కలిగించే జన్యు మార్పులను నేరుగా గుర్తించవచ్చు. మెట్రోనిడజోల్ వంటి మందుల విషయంలో జన్యు మార్పును చూసి నిరోధాన్ని నమ్మకంగా చెప్పడం కష్టం. జీవిని పెంచి, మందుతో పరీక్షించడమే అక్కడ గట్టి ఆధారం.

వర్ధనం మానవ చరిత్రకూ ఆధారమైంది. ఈ జీవి ప్రధానంగా కుటుంబంలోనే ఒకరినుండి ఒకరికి సంక్రమిస్తుంది. అందువల్ల దాని జన్యువులలో జనసమూహాల వలసల జాడ ఉంటుంది. హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం పరిశోధకులు భారతీయ రోగుల నుండి లభించిన పైలోరీ జన్యువులను విశ్లేషించి, వాటికి ప్రాచీన యూరోపియన్ మూలాలున్నాయని 2007లో ప్రతిపాదించారు. అటువంటి విశ్లేషణ వెనుక, ఎండోస్కోపీ గది నుండి నమూనాను తడి ఆరకముందే తెచ్చి, రోజుల తరబడి కనిపెట్టుకొని ఉన్న ప్రయోగశాల శ్రమ ఉంటుంది.

11. ముగింపు

ఈ పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

1. జఠర జీవి 1893 నుండి పలుమార్లు కనిపించింది. వర్ధనం లేనందున ప్రతి దర్శనమూ విడి వార్తగానే మిగిలి, 1954 నాటి ఒక్క ప్రతికూల ఫలితానికి తలవంచింది.

2. పెరగని జీవి అన్నది జీవి లక్షణాన్ని మాత్రమే చెప్పే మాట కాదు. ఏ యానకంలో, ఏ వాయువులో, ఎన్ని రోజులు చూసిన తరువాత పెరగలేదన్నది చెప్పకపోతే ఆ మాట అసంపూర్ణం. 48 గంటల నియమమూ, తటస్థ యానక నియమమూ దీనికి నిదర్శనాలు.

3. 1982 నాటి ఫలితంలో అదృష్టం పాత్ర గడువుకే పరిమితం. పొరుగు శాఖల నుండి వచ్చిన పద్ధతి, కణజాల పరీక్షతో పోలిక, విఫలమైనా ఆపని ప్రయత్నం ఆ గడువుకు విలువ కల్పించాయి.

4. వర్ధనం ఆలస్యమైన కాలమంతా వ్రణ రోగులు శస్త్రచికిత్సలకూ తీరని మందులకూ లోనయ్యారు. ప్రయోగశాలలోని ఒక అలవాటును ప్రశ్నించడానికీ, రోగి పడక వద్ద జరిగే నిర్ణయానికీ గల సంబంధాన్ని ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది.

నేటికీ అనేక సూక్ష్మజీవులు జన్యు క్రమంగా మాత్రమే తెలిసి, ఏ పళ్లెంలోనూ పెరగకుండా ఉన్నాయి. వాటి విషయంలో అసాధ్యమన్న నిర్ణయానికి వచ్చే ముందు ప్రయోగశాల తన గడువునూ తన యానకాన్నీ మరొకసారి పరీక్షించుకోవలసి ఉంటుంది.